సాంచాల సప్పుడులో మాండరిన్

హైదరాబాద్‌లో మా ఆఫీసులో యాటింగ్‌ది, నాది పక్కపక్క కుర్చీలు. ఆమె వచ్చి ఎనిమిది నెలలైనా ఆమె నవ్వు నేను వినలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పితే నా గోంగూర పచ్చడి ఆమె అన్నంలోకి పోయేది, ఆమె వేయించుకొచ్చిన గుడ్డు నా అన్నంలోకి వచ్చేది. అంత చనువు ఉన్నా మాట మాత్రం ముక్తసరే. "సరే", "చూస్తాను", "అయిపోయింది". తైవాన్‌లో తైనాన్ అనే ఊరి పిల్ల, మగ్గాల ఇంజనీరు. నెమ్మదస్తురాలు అనుకున్నాను. చీరాలలో మా అమ్మకు ఫోన్ చేసినప్పుడు కూడా అలాగే చెప్పాను: "బంగారంలాంటి పిల్లమ్మా, నోట్లో నాలుక లేదు."

ఏప్రిల్‌లో వెయ్‌జ్యే అనే కుర్రాడు కొత్తగా చేరాడు. మలేషియాలో జొహోర్ వాడు. అతనికీ ఆమెకూ దేశాలు వేరైనా తల్లిభాష ఒక్కటే, మాండరిన్. అతను వచ్చిన మొదటిరోజే కాఫీ మిషన్ దగ్గర ఎవరో పకపకా నవ్వారు. మామూలు నవ్వు కాదు, మధ్యలో ముక్కుతో గుర్రుమనే నవ్వు. ఎవరా అని లేచి చూస్తే యాటింగ్!

"ఏమంటోంది?" అని వెయ్‌జ్యేని అడిగాను.

అతను కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "మన లిఫ్ట్‌లో అంతస్తులు చెప్పే ఆడగొంతు ఉంది కదా, ఆమెకు పెళ్ళిచూపులైతే పెళ్ళికొడుకుతో ఎలా మాట్లాడుతుందో చేసి చూపిస్తోంది."

ఎనిమిది నెలలు నేను గోంగూర పంచుకున్న మనిషి ఎవరో నాకు ఆ రోజు దాకా తెలియదు.

మే నెలలో ఇంకో సంగతి తెలిసింది. యాటింగ్ ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుందో, తిరిగి వెళ్ళిపోతుందో వచ్చే సోమవారానికల్లా చెప్పమని వాళ్ళ హెడ్డాఫీసు అడిగింది. "వెళ్ళిపోతాను" అంది నాతో. "ఇక్కడ నేను సగం మనిషిని. ఇంగ్లీషులో నాకు పని చేయడం వచ్చు గాని, నేనుగా ఉండడం రాదు. వెయ్‌జ్యే వచ్చాక బాగుంది. కానీ ఒక్కడి దగ్గరే పూర్తి మనిషిగా ఉండడం కూడా ఒంటరితనమే."

ఆమె ఉండాలని నేను ప్రార్థన మొదలుపెట్టాను. మా నాన్న చీరాల చర్చిలో సంఘ పెద్ద. ఫోన్‌లో సంగతి విని ఒకటే మాట అన్నారు: "అడుగు తల్లీ. కానీ దేవుడికి సలహాలు చెప్పకు."

ఆ వారమే ముగ్గురం సిరిసిల్ల ప్రయాణం కట్టాం. చీర అంచుల డిజైన్‌ను కంప్యూటర్‌తో నడిపే పరికరం మా కంపెనీ అమ్ముతుంది. దాన్ని అక్కడొక షెడ్డులో బిగించి, నేర్పించి రావాలి. బిగించడం యాటింగ్ పని, ప్రోగ్రామ్ వెయ్‌జ్యేది, తెలుగులో నేర్పించడం నాది. పనయ్యాక జగిత్యాల మామిడి మార్కెట్ కూడా చూసి రావాలనుకున్నాం. కారు నడిపేది దేవదానం. అతనిది కోరుట్ల. "ఎట్లాగు జగిత్యాల దాంక వస్తున్నరు గద మేడం, ఆదివారం మా కోరుట్లల మందిరానికి రావాలె, మా అమ్మ చేతి కూర తినాలె" అని బయలుదేరకముందే మాట తీసుకున్నాడు.

సిరిసిల్ల

నేను చీరాలలో పుట్టినదాన్ని. మగ్గం చప్పుడు వింటూ పెరిగాను. మా వీధిలో అది ఒక చేతిమగ్గం, దాని పక్కన ఇంకొకటి, టకటకమని, మనిషి నడకలాగా ఉండేది. సిరిసిల్లలో ఆ వీధిలోకి తిరగగానే కారు అద్దాలు వేసి ఉన్నా ఒళ్ళు అదిరింది. ఇక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. ఒక్కో షెడ్డులో వరసగా సాంచాలు, వాటి మధ్య మనిషి ఒత్తిగిలి నడిచేంత సందు. చెవిలో నోరు పెట్టి అరిచినా సగమే వినిపిస్తుంది.

మొదటి పొరపాటు షెడ్డు బయట టీకొట్టు దగ్గరే జరిగింది. మేము నలుగురం, షెడ్డు వాళ్ళిద్దరు. ఆరు టీలు కావాలి. వెయ్‌జ్యే ఉత్సాహంగా ముందుకు పోయి బొటనవేలు, చిటికెనవేలు చాపి చూపించాడు. మాండరిన్ వాళ్ళకు ఆరు అంటే అదే గుర్తు. టీకొట్టాయన పాపం జేబులోంచి తన ఫోన్ తీసి ఇచ్చాడు. "మాట్లాడుకో సార్, బ్యాలెన్స్ ఉన్నది." టీ పది రూపాయలు, ఫోన్ ఉచితం. హైదరాబాద్‌లో ఎవరూ ఇలా ఇవ్వలేదని వెయ్‌జ్యే చాలాసేపు చెప్పుకున్నాడు.

షెడ్డులో లచ్చవ్వ అనే ఆమె కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు. అరవై దాటి ఉంటాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే పెదాలు ఆగకుండా కదులుతుంటాయి. పాడుతోందేమో అనుకున్నాం. మధ్యాహ్నం సద్దులు విప్పినప్పుడు అడిగాను.

"పాట గాదు బిడ్డా" అంది లచ్చవ్వ. "మా అత్తను తిడుత."

"ఇంకా ఉన్నారా మీ అత్తగారు?"

"ఏడున్నది! సచ్చి పదేండ్లాయె. బతికున్నప్పుడు తిట్టనిచ్చిందా? గందుకే గిప్పుడు తిడుతున్న. గీ సాంచాల సప్పుడుల ఏమన్న అనుకోవచ్చు, ఎవ్వలకు ఇనపడది. ఒగలు పాడుకుంటరు, ఒగలు ఏడ్చుకుంటరు. కడుపు తేలికయితది."

నేను ఇంగ్లీషులో చెప్పాను. యాటింగ్ అన్నం ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది. "నిజంగా ఎవరికీ వినపడదా?" అని మూడుసార్లు అడిగించింది.

"నువ్వు గుడ తిట్టుకో యాదమ్మా" అంది లచ్చవ్వ. యాటింగ్ అనే పేరు ఆమెకు నోరు తిరగలేదు, యాదమ్మ అయింది. వెయ్‌జ్యే అప్పటికే విజయ్ సార్ అయిపోయాడు.

తిన్నాక సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. యాటింగ్ మా పరికరం ముందు నిలబడి మరలు బిగిస్తూ మెల్లగా పెదాలు కదిపింది. తర్వాత గొంతు విప్పింది. తర్వాత చేతిలోని స్పానర్‌ను మైకులాగా పట్టుకుని, ఛాతీ విరుచుకుని అరుస్తోంది. ఏమీ వినబడటం లేదు, మెడ నరాలు మాత్రం కనపడుతున్నాయి. ఆ మాటల పొంగులో ఉండగానే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. మిగిలింది యాటింగ్ గొంతు ఒక్కటే. బొంగురు మగగొంతుతో, ముక్కుతో సాగదీస్తూ, మాండరిన్‌లో ఒక పూర్తి వాక్యం షెడ్డంతా మోగింది. అందరూ పనివదిలి ఆమెవైపు చూశారు. ఆ నిశ్శబ్దంలో వెయ్‌జ్యే నూలు మూట మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు. ఆమె చేస్తున్నది మా పెద్ద మేనేజరు ఏటా ఇచ్చే ఉపన్యాసమట! "మనమంతా ఒకే కుటుంబం, కాబట్టి జీతం గురించి బయటివాళ్ళలాగా మాట్లాడుకోవద్దు" అనే చోట కరెంటు పోయింది.

యాటింగ్ ముఖం కందిపోయింది. లచ్చవ్వ చప్పట్లు కొట్టింది. "ఏమన్నదో సమజ్ గాలే గని, మంచిగ అన్నది! మల్లొక్కసారి అను బిడ్డా!"

కరెంటు వచ్చేదాకా ఆ ఉపన్యాసం రెండుసార్లు జరిగింది. వెయ్‌జ్యే ఇంగ్లీషులోకి, నేను తెలుగులోకి. నా దగ్గరికి వచ్చేసరికి జోకు కొంచెం చల్లారేది. అయినా షెడ్డంతా నవ్వింది. వాళ్ళకూ ఒక సేటు ఉన్నాడు కదా.

పరికరం బాగా పనిచేసింది. మర్నాటి సాయంత్రానికి చీర అంచు మీద నెమళ్ళు వరసగా దిగాయి. బయలుదేరుతుంటే లచ్చవ్వ యాటింగ్ చెయ్యి పట్టుకుని, "మల్లెప్పుడస్తవ్?" అంది. నేను అనువదించాను. యాటింగ్ నా వైపు చూసింది. నేను కూడా ఆ ప్రశ్నకు జవాబు కోసమే చూస్తున్నానని ఆమెకు తెలుసు.

వేములవాడ మీదుగా

శనివారం పొద్దున వేములవాడలో కారు కదల్లేదు. బస్సుల వెనక బస్సులు, లాడ్జీల ముందు తడిజుట్టుతో జనం. మా పక్కనే ఒక కుటుంబం కోడెను పట్టుకుని గుడివైపు నడుస్తోంది. కోడెకు నడవాలని లేదు. ఇంటాయన లాగుతున్నాడు, ఇల్లాలు వెనకనుంచి బతిమాలుతోంది.

"ఇదేమిటి?" అని యాటింగ్ అడిగింది.

"కోరిక తీరితే కోడెను గడుతమని మొక్కుకుంటరు మేడం" అన్నాడు దేవదానం. "తీరినంక గిట్ల అచ్చి గడుతరు."

"తీరాక రాకపోతే? ఎవరు చూడొచ్చారు?"

యాటింగ్ ప్రశ్నను నేను తెలుగులో అడిగితే దేవదానం అద్దంలోంచి ఆమెను వింతగా చూశాడు. "ఎట్ల రాకపోతరు? మొక్కంటే మనసుల అనుకునేది గాదు మేడం, అందరి ముంగట అంటరు. ఊరోళ్ళందరు ఇన్నంక ఇగ తప్పుతరా?"

నేను పెరిగిన ఇంట్లో మొక్కులు లేవు, కోడెలు లేవు. నేను నమ్మిన దారి వేరు, దాని మీద నాకు సందేహం లేదు. కానీ దేవుని ముందు ఆడిన మాటను నలుగురి చెవిన వేయడం మాకూ ఉంది. దాన్ని సాక్ష్యం అంటాం. అది చెప్పాక వెనక్కి తీసుకునే వీలు ఉండదు. యాటింగ్‌కు ఆ సంగతి చెప్పాను. ఆమె కోడె మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. "ఆ కోడె నాలాగే ఉంది" అంది చివరికి. "ఎటు లాగుతున్నారో దానికీ తెలియదు." అది జోకని ఆమె మాండరిన్‌లో మళ్ళీ చెప్పి వెయ్‌జ్యే నవ్వేదాకా నాకు తట్టలేదు.

జగిత్యాల

దారిలో తాటిచెట్ల కింద ముంజలమ్మే ఆయన దగ్గర ఆగాం. మా వైపు ముంజను గోటితో తవ్వుకుని తింటాం. ఇక్కడాయన కత్తితో చకచకా తీసి దొప్పలో పోసిచ్చాడు, డజను వంద. పక్కనే కల్లు కుండ ఉంది, ఇక్కడ లొట్టి అంటారు. వెయ్‌జ్యే ముక్కు పెట్టి వాసన చూసి, "ఇది మా జొహోర్‌లో కూడా దొరుకుతుంది! మా దగ్గర కొబ్బరిది" అన్నాడు. నేను తెలుగులో చెప్పేసరికి ముంజలాయన సంతోషానికి అంతులేదు.

"సార్‌ది మన దిక్కేనన్నట్టు! పట్టు సార్." తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వో?"

"అక్క ప్రార్థనల అక్క, తాగది" అన్నాడు దేవదానం.

"ప్రార్థన పొద్దుగూకినంక చేస్తరు గద! గిది ఇప్పుడే దించిన!"

నేను ఇంకో డజను ముంజలు కొని ఆయన నోరు మూయించాను.

జగిత్యాల మామిడికి పేరున్న ఊరు. మే నెల కదా, మార్కెట్ రోడ్డంతా లారీలు, గడ్డి, పండిన వాసన. తైనాన్ కూడా మామిడికి పేరున్న ఊరేనట. మూడు రోజుల్లో మొదటిసారి యాటింగ్ మా కంటే ముందు నడిచింది. పండును తొడిమ దగ్గర వాసన చూసి, వేలితో ఒత్తకుండా అరచేతిలో బరువు చూసి పక్కన పెడుతోంది. అమ్మే ఆమె ఓపిక పట్టింది, పట్టింది.

"ఓ చెల్లె, పిల్లను జూసుకోను అచ్చినవా, పండు కొనను అచ్చినవా?"

నేను అనువదించాను. యాటింగ్ ఒక పండును పైకెత్తి, చాలా గంభీరంగా ఇంగ్లీషులో అడిగింది: "అమ్మాయికి వంట వచ్చా?"

నేను తెలుగులో చెప్పేలోపే నవ్వొచ్చింది నాకు. ఇన్ని నెలల్లో యాటింగ్ వేసిన జోకుకు, అనువాదం లేకుండా, నేను నవ్వడం అదే మొదలు. అమ్మే ఆమె కూడా నవ్వి, కిలో అరవై చెప్పింది యాభైకి ఇచ్చింది.

ఆ సాయంత్రం లాడ్జి మెట్ల మీద కూర్చుని మామిడిపళ్ళు తిన్నాం. మేము రసం చేసి పీలుస్తాం, వాళ్ళు గీతలు పెట్టి చెంచాతో తింటారు. వాళ్ళిద్దరూ మాండరిన్‌లో మాట్లాడుకుంటున్నారు, నేను వింటున్నాను. భాష తెలియకపోతే మనిషి గొంతు బాగా వినపడుతుంది. మాండరిన్‌లో యాటింగ్ గొంతు కొంచెం లావు, కొంచెం తొందర. అడ్డం పడుతుంది, వెక్కిరిస్తుంది. ఈ మనిషి కావాలి నాకు, అనుకున్నాను. నెమ్మదస్తురాలైన ఆ రెండో యాటింగ్‌ను విమానం ఎక్కించేయవచ్చు, పరవాలేదు.

కోరుట్ల

ఆదివారం మందిరం. రేకుల కప్పు, కింద పరిచిన చాపలు, ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. దేవదానం తల్లి రాజవ్వ వారమంతా బీడీలు చుడుతుంది. ఆదివారం మాత్రం ఆకు ముట్టదు. ఆమె ఇంట్లోంచి చున్నీ ఒకటి తెచ్చి యాటింగ్ తల మీద కప్పి, గడ్డం కింద సర్ది, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. యాటింగ్ వాళ్ళది గుళ్ళకు పోయే ఇల్లు. మందిరంలోకి రావడం ఇదే మొదలు. "ఏం చేయాలి?" అని గుసగుసగా అడిగింది.

"ఏమీ చేయనక్కర్లేదు, కూర్చో" అన్నాను.

పాటలయ్యాయి. పాస్టరుగారు లేచి, "అందరు నోరు దెరువుండ్రి. ఎవ్వల బాధ వాళ్ళు దేవునికి చెప్పుకోండ్రి" అన్నారు. మా సంఘాల్లో ఇది మామూలే. అందరూ ఒక్కసారిగా, పైకి, ఎవరి మాటల్లో వాళ్ళు ప్రార్థిస్తారు. వంద గొంతులు. రాజవ్వ మోకాళ్ళ నొప్పులు చెబుతోంది, వెనకెవరో కొడుకు తాగుడు చెబుతున్నారు, రేకులు అదురుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని నా సంగతి నేను చెప్పుకుంటున్నాను. నాన్న మాట గుర్తొచ్చి సలహాలు మానేశాను. "ఆమెకు ఎక్కడ నవ్వు దొరికితే అక్కడ ఉంచు తండ్రీ" అని మాత్రం అన్నాను. అలా అనడానికి నాకు చాలా కష్టమైంది.

యాటింగ్ నా చెవి దగ్గరికి వంగింది. "ప్రసన్నా, ఇది సాంచాల షెడ్డే కదా!" అంది.

ఆ తర్వాత నా పక్కన మాండరిన్ మొదలైంది. ముందు మెల్లగా, తర్వాత ధారగా.

చీరాలలో మా పాస్టరుగారు ఈ ప్రార్థనను ఒక పాట ఎత్తుకుని ముగిస్తారు. అందరూ మెల్లగా పాటలోకి వచ్చేస్తారు. కోరుట్లలో అలా కాదు. బల్ల మీద చిన్న గంట ఉంది. పాస్టరుగారు దాని మీద టింగుమని కొట్టగానే వంద గొంతులూ కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. అది యాటింగ్‌కు తెలియదు, నాకూ తెలియదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, చేతులు ఒళ్ళో బిగించి ఉంది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఒక్కతే ఇంకో రెండు మూడు వాక్యాలు చెప్పుకుపోయింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తల తిప్పి చూడలేదు. ఆమె ముగించేదాకా అందరూ తలలు వంచుకునే ఉన్నారు. మగవాళ్ళ వైపు వెయ్‌జ్యే మోకాళ్ళ మధ్య ముఖం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు, హృదయం కరిగింది అనుకున్నాను. ఆమె గొంతు ఆగగానే పాస్టరుగారు మెల్లగా "ఆమెన్" అన్నారు. మందిరమంతా "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

రాజవ్వ ఇంట్లో బగారన్నం, కోడికూర. కూరలో కారం, కారానికి పేరున్న మా వైపు వాళ్ళను కూడా ఒక గుక్క నీళ్ళు తాగిస్తుంది. యాటింగ్ ముక్కు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకుంది. రాజవ్వ ఆమె ముందు పీట వేసుకుని కూర్చుంది.

"యాదమ్మ మంచిగ ప్రార్థన చేసింది. ఏమడిగినవ్ బిడ్డా?"

నేను అనువదించాను. యాటింగ్ పళ్ళెంలోకి చూసింది. వెయ్‌జ్యే భుజాలు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. అప్పుడు తెలిసింది నాకు, పొద్దున కూడా అతను ఏడవలేదని.

"ముందు చెప్పింది నాకూ వినపడలేదు" అన్నాడు. "గంట కొట్టాక ఉన్నది మాత్రం చెబుతాను. 'నేనిప్పుడు వెళ్ళిపోతే ఈ ప్రసన్న నన్ను నెమ్మదైన మంచి అమ్మాయి అని బతికినంతకాలం అందరికీ చెప్పుకుంటుంది. అది పెద్ద అబద్ధం. దాన్ని సరిదిద్దడానికి నాకింకో ఏడాది ఇవ్వు. లేకపోతే ఆమెకు మాండరిన్ అయినా ఇవ్వు.' అంతే. అప్పుడు మీరంతా ఆమెన్ అన్నారు."

మా అమ్మతో అన్న నోట్లో నాలుక లేదనే మాట గుర్తొచ్చింది. రాజవ్వ నా మోచెయ్యి పొడుస్తోంది. "ఏమంటుండు? చెప్పు, చెప్పు." నా మీది జోకును నేనే తెలుగు చేసి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను, ఒక్క ముక్క చల్లారకుండా. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగి, యాటింగ్ మోకాలి మీద చెయ్యి వేసింది.

"మేమందరం ఆమెన్ అంటిమి గద బిడ్డా! ఇగ ఎట్ల వోతవ్?"

నేను ఇంగ్లీషులోకి తిప్పాను. యాటింగ్ నవ్వలేదు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి దేవదానం వైపు చూసింది. "నిన్న మీరేమన్నారు? ఊరంతా విన్నాక?"

"ఇగ తప్పరు మేడం" అన్నాడు దేవదానం, ఎముక కొరుకుతూ.

"అయితే అంతే" అంది యాటింగ్. తర్వాత ముక్కుతో గుర్రుమంటూ నవ్వింది. పక్కింట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు తలుపులోంచి తొంగిచూసేంత నవ్వు.

తిరిగి వచ్చాక

సోమవారం పొద్దున ఆమె హెడ్డాఫీసుకు ఉంటానని చెప్పింది. కారణం అడిగారట. కోరుట్లలో వంద మంది హామీ ఉన్నారని చెప్పిందట. వాళ్ళకు అర్థం కాలేదు, మంచిదన్నారు.

ఆమె ప్రార్థనలో రెండు కోరికలున్నాయి. మొదటిది దేవుడు చూసుకున్నాడు. రెండోది నా వంతు. రోజూ మధ్యాహ్నం డబ్బాల దగ్గర నాకు పాఠం. పుస్తకం లేదు, అక్షరాలు లేవు, జోకులే పాఠాలు. లిఫ్ట్‌లో ఆడగొంతు పెళ్ళిచూపులు పూర్తిగా వచ్చేశాయి నాకు. మా అమ్మకు ఫోన్ చేసి పాత మాట వెనక్కి తీసుకున్నాను కూడా. సిరిసిల్ల నుంచి ఇంకో షెడ్డు వాళ్ళు పిలిచారు. యాదమ్మ కూడా వస్తుందా అని లచ్చవ్వ అడిగిందట.

ఇప్పటికి యాటింగ్ పది జోకులేస్తే రెండు నాకు అర్థమవుతున్నాయి. మిగతా ఎనిమిదింటికి విశ్వాసంతో నవ్వుతున్నాను.